పురిటింటికి తెచ్చిన మాత్రలు

నా మనవరాలు మా వదిన ఇంట్లో ఉంది. నా బాధంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మా అన్న పెళ్ళామే మా వదిన. ఆమె కూతుర్నే నా కొడుక్కి చేసుకున్నాను, మేనరికం. కాబట్టి అన్న పెళ్ళాంగానూ వదినే, వియ్యపురాలుగానూ వదినే. వియ్యమందాక ఆమె కూడా నన్ను వదినా అనే పిలుస్తోంది. ఒక జన్మకి ఒక వదిన చాలదా అని నాకు ఎన్నోసార్లు అనిపించింది. తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళం మేము. మా అన్న పోయాక ఆమె చింతాద్రిపేటలో ఆ పాత ఇంట్లోనే ఉంటోంది. నేను వ్యాసర్పాడిలో రైల్వే యార్డు పక్కన నా కొడుకుతో, కోడలితో ఉంటాను. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి శ్రీమంతం కాగానే కోడల్ని తీసుకుపోయారు. బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఇక ఆ ఇంట్లో చీర ఉయ్యాల, ఊదు పొగ, పసుపు వాసన. నా ఇంట్లో రైళ్ళ చప్పుడు.

అసూయ అనే మాటను నేను దాచుకోను. నాకు మా వదినంటే అసూయ. ఆమె మా ఇంటికి కొత్త కోడలుగా వచ్చినప్పుడు నేను పావడా కట్టుకునే పిల్లని. ఆమె పదో తరగతి దాకా చదివింది. నన్ను బడికే పంపలేదు, తమ్ముళ్ళని ఎత్తుకుని తిరగడానికి ఎవరో ఒకరు కావాలి కదా. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చునేది, మా వదిన వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది. మా అమ్మ నన్ను పిలిచేది మంచినీళ్ళకి మాత్రమే. నన్ను కన్న తల్లి ముఖం అట్లా వెలగడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆ వెలుగు నా వల్ల వచ్చింది కాదు.

తల నెరిశాక, మా వీధిలో ఒక రిటైరయిన టీచరమ్మ సాయంకాలం క్లాసు పెడితే పోయి అక్షరాలు నేర్చుకున్నాను. ఒక పేజీ తడుముకోకుండా చదవడం వచ్చిన రోజు, ఆ పుస్తకం చంకన పెట్టుకుని బస్సెక్కి చింతాద్రిపేట పోయాను. మా వదిన ముందు కూర్చుని చదివాను. ఆమె చివరిదాకా విని, "బాగుండాది. ఒత్తులు మింగేస్తా ఉండావు" అంది. ఇప్పటికీ ఏదైనా రాసేటప్పుడు ఒత్తు పెట్టాలంటే ఆమె ముఖం కనబడుతుంది.

నా కోడలు చెడ్డది కాదు. నా అన్న కూతురు, నేను ఎత్తుకు పెంచిన పిల్ల. కానీ అది కడుపుతో ఉన్నప్పుడు ఆ అమ్మాయి మీద కూడా నాకు అసూయే. తలనొప్పి వస్తే ఇంట్లో ఉన్న మాత్ర వేసుకోదు. ఫోనులో ఫోటో తీసి డాక్టరమ్మకి పంపి, ఆమె సరేనన్నాకే వేసుకుంటుంది. దగ్గు మందు, గ్యాసు మందు, చివరికి జండూ బామ్ లాంటివి కూడా అడిగేది. నేను నా పిల్లల్ని మోసినప్పుడు వీధి చివర కాంపౌండరు సీసాలో ఎర్రనీళ్ళు పోసిస్తే ఏమిటని అడగకుండా తాగాను. నన్నెవరూ కడుపుతో ఉన్నావా అని కూడా అడగలేదు, కనబడుతోంది కదా అనేమో. ఈ పిల్ల ఒంట్లోకి ఏది పోతోందో అందరికీ పట్టింపే. నా ఒంట్లోకి ఏం పోయిందో ఇవాళ్టికీ నాకు తెలియదు.

"ఏమే, దగ్గడానికి కూడా డాక్టర్ని అడగాలా?" అన్నాను ఒకసారి.

"దగ్గడానికి కాదత్తా, మందుకి" అంది నవ్వి.

అంత జాగ్రత్తగా ఉన్న పిల్ల. బిడ్డ బయటికి వచ్చేసరికి ఇంట్లో అందరి మనసులోంచీ ఆ జాగ్రత్త జారిపోయింది. కడుపులో బిడ్డ ఉంటేనే మందులకి భయపడాలి, బిడ్డ ఉయ్యాలలోకి వచ్చేశాక తల్లి ఏం మింగినా తల్లికే అనుకున్నాం. ఎవరూ పైకి అనలేదు. కానీ అందరం అట్లాగే నడుచుకున్నాం.

బిడ్డ పుట్టాక నేను తరచుగా పోయేదాన్ని. పోయినప్పుడల్లా మా వదిన పాపని నా ఒళ్ళో పెట్టి, నేను సర్దుకుని కూర్చునేలోపే తీసేసుకునేది. "నీ చేతులు సల్లగా ఉండాయి", "ఇప్పుడే పాలు తాగింది, కదిలిస్తే కక్కుద్ది", "నువ్వు బస్సులో వచ్చినావు, చెమట". ప్రతిసారీ ఒక కారణం. నా కొడుకు సంగతి చెప్పనే అక్కర్లేదు. పని నుంచి నేరుగా అత్తగారింటికి పోయి అక్కడే తిని, అక్కడే పడుకునేవాడు. వాడికి చేపల పులుసు నేను పెట్టేదానికన్నా ఆమె పెట్టేదే బాగుంటుందట. ఈ మాట వాడు నా ముందే అన్నాడు.

పాపకి ఇంకా నెల నిండలేదు. ఒకరోజు కోడలికి జ్వరం వచ్చింది. రొమ్ములో ఒకవైపు రాయిలా గట్టిపడి, ఎర్రగా కాలిపోతోందట. పాలు గడ్డకట్టడమంటే మాకు తెలుసు. ఆస్పత్రికి పోవాలి. కానీ నెల వెళ్ళేదాకా పురిటాలు గడప దాటకూడదని మా వదిన పట్టు. గాలి సోకుతుంది, దిష్టి తగులుతుంది. కాబట్టి మా కుటుంబాల్లో ఎప్పుడూ జరిగేదే జరిగింది. జబ్బు ఒకరిది, మందుకి పోయింది ఇంకొకరు. నా కొడుకు మందుల షాపుకి పోయాడు.

షాపు ముందు జనం. ఆడవాళ్ళు, కుర్రాళ్ళు, ఎవరెవరో. వాడికి అంతమందిలో పెళ్ళాం రొమ్ము సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "లేడీసుకి. గట్టి జ్వరం. ఒళ్ళంతా తట్టుకోలేని నొప్పి. చీము పట్టేలా ఉంది" అన్నాడట. షాపతను ఎవరికని అడగలేదు, వీడు పాలిచ్చే తల్లి అని చెప్పలేదు. మూడు రకాల మాత్రలిచ్చాడు. కోడలు జ్వరంతో ఒణుకుతోంది, ఫోటో తీసి పంపే ఓపిక ఎక్కడ? మొగుడు తెచ్చాడు, అమ్మ నీళ్ళిచ్చింది, మింగింది. అట్లా రెండు మూడు రోజులు.

ఇవేవీ నాకు అప్పుడు తెలియదు. జ్వరమని మాత్రమే ఫోనులో చెప్పారు. పొద్దున్నే బయలుదేరి పోయాను. పోయేసరికి మా వదిన ముఖం పండగలా ఉంది.

"నీ మనవరాలు బంగారం గదా వదినా! రేత్రంతా కిక్కురుమనలే. పొద్దెక్కినా నిద్రే. నా చేతి నీళ్ళు పోసుకుంటే బిడ్డలు అట్టా నిద్రపోతారు" అంది.

నాకు కడుపు మండింది. నా కొడుకు పుట్టినప్పుడు ఆరునెలలు నన్ను కునుకు తియ్యనివ్వలేదు. ఈమె చేతిలో మాత్రం నా మనవరాలు దేవతలా నిద్రపోవాలా?

"నా ఇంటికి వస్తే మేలుకుంటాదిలే" అన్నాను.

"రైలు కూతలకి ఎవురైనా మేలుకుంటారు" అంది.

లోపలికి పోతే మల్లెపూల వాసన ముఖాన కొట్టింది. కోడలు గోడకానుకుని కూర్చుని ఉంది. నైటీ మీదుగా పాత చీర పీలిక గట్టిగా చుట్టి ఉంది. దాని కింద మూరలకు మూరలు మల్లెపూలు. పాలు ఎండిపోవాలంటే రొమ్ముల మీద మల్లెపూలు కడతారు, మా వాళ్ళలో పాత అలవాటు. బిడ్డ పోయిన తల్లులకి కడతారు.

"ఏంది వదినా ఇది?"

"మాత్రలు మింగతా ఉండాది గదా! పాలల్లోకి దిగదా ఆ మందు? నాకెందుకో పొద్దున తట్టింది. మందు ఆపితే జ్వరం. అందుకే పాలు ఆపేద్దామని. డబ్బాపాలు తెప్పించినా" అంది. తన తెలివికి తనే మురిసిపోతోంది.

ఆ భయం సగం సరైనదే. మాత్రల మీద ఇంగ్లీషు అక్షరాలు ఆమె కూడబలుక్కుని చదవగలదు. పేరు తెలిసినంత మాత్రాన అది పాలలోకి పోతుందో లేదో, పోతే ఏం చేస్తుందో తెలియదు కదా. నా తెలుగు అక్షరాలు ఆ అట్ట ముందు ఇంకా ఎందుకూ పనికిరావు. ఎవరినైనా అడగాలని ఇద్దరికీ తోచలేదు.

కోడలు నా వైపు చూసింది. దానికి ఏడుపొస్తే తమిళమే వస్తుంది. "వేండాం అత్తా, వేండాం" అని తల అడ్డంగా ఊపింది. వద్దని. "పాలు ఆపేస్తే మళ్ళా రావంట. నాకు పాపకి నా పాలే ఇవ్వాలని ఉంది. అమ్మకి చెప్పత్తా."

నేను చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం రాస్తాను, ఎవరేమనుకున్నా సరే. గూట్లో పాలసీసా కనబడింది. కొత్తది, కాచి బోర్లించి ఉంది. తల్లి పాలయితే తల్లే ఇవ్వాలి, నేను పక్కన కూర్చుని చూడాలి. సీసా పాలయితే ఎవరైనా ఇవ్వచ్చు. నేనూ ఇవ్వచ్చు. నెల వెళ్ళాక పాపని నాలుగు రోజులు వ్యాసర్పాడి తీసుకుపోవచ్చు. ఆ సీసాని చూస్తే నాకు మా వదిన ఇంటి తలుపుకి తాళంచెవి దొరికినట్టయింది.

"జ్వరం తగ్గనీ, తర్వాత చూద్దాం" అని, "వదినా, ఈ పూట పాలు నేను పడతా" అన్నాను.

ఆమె వద్దనేదే. అప్పుడే పొయ్యి మీద మిరియాల చారు పొంగింది. వంటింట్లోకి పరిగెత్తింది. నేను ఉయ్యాలలోంచి పాపని ఎత్తుకున్నాను. మొదటిసారి, నన్ను తొందరపెట్టేవాళ్ళు లేకుండా. ఒళ్ళో పడుకోబెట్టుకుని సీసా నోటికి అందించాను.

నోరు తెరవలేదు. పెదాల మీద చుక్క వేశాను. లోపలికి పోలేదు, బుగ్గ మీదుగా కారిపోయింది. అరికాలు గీరాను. కాలు వెనక్కి తీసుకోలేదు. చెవి నలిపాను. చెయ్యి పైకెత్తి వదిలితే తడిగుడ్డలా కింద పడింది. ఊపిరి ఆడుతోంది, కానీ అది ఊపిరి తీసే తీరులో ఏదో బద్ధకం ఉంది. ఒకటి తీసి, మర్చిపోయి, గుర్తొచ్చి మళ్ళీ తీసినట్టు.

"వదినా, ఇటు రా. ఇది నిద్ర కాదు."

"నీ చేతుల్లో తాగదులే, నేర్పు ఉండాల దానికి. ఇట్టా తే" అంటూ వచ్చి తీసుకుంది. ఆమె చేతిలోనూ తాగలేదు. బుగ్గ తట్టింది, పేరు పెట్టి పిలిచింది, చల్లనీళ్ళు చిలకరించింది. ఏడవని బిడ్డని చూసి పొద్దున్నుంచీ మురిసిన మనిషి, ఏడవమ్మా ఏడవమ్మా అని బతిమాలింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా జీవితంలో మా ఇద్దరికీ ఒకే సమయంలో ఒకే భయం వేయడం అదే మొదలు.

మా కన్నా ముందు లేచింది కోడలే. జ్వరంతో కాళ్ళు తేలిపోతున్నా గోడ పట్టుకుని లేచి, గూట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ గుప్పిట్లో పట్టుకుంది.

"నెల ఎళ్ళలేదే, ఎండలో ఏడకే?" అంది మా వదిన అలవాటు కొద్దీ.

"నెల నువ్వు ఉంచుకో అమ్మా. నాకు నా బిడ్డ కావాల" అంది. పాపని లాక్కుని గడప దాటేసింది. మేము చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు.

ఆటోలో పిల్లల ఆసుపత్రికి పోయాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మా కోడలి వయసు పిల్లలా ఉంది. పాపని బల్ల మీద పడుకోబెట్టి, వేలికి ఏదో తగిలించి, ఛాతీ వైపు చూస్తూనే కోడల్ని తమిళంలో అడిగింది. పాలిస్తున్నావా? నువ్వేమైనా మందులు వాడుతున్నావా?

ఆ ప్రశ్న విని నాకు ఏమయిందో చెప్పాలి. బిడ్డ అక్కడ అట్లా పడి ఉంది, అయినా లోపల ఒక మూల చురుక్కుమంది. ఎంత మామూలుగా అడిగింది! నీ ఒళ్ళూ బిడ్డ ఒళ్ళూ ఒకటేనన్నట్టు అడిగింది. నేను ఇద్దరికి పాలిచ్చాను. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే నేను ఎంత గొప్పదాన్నయి ఉండేదాన్నో.

కోడలు అట్టలిచ్చింది. డాక్టరమ్మ ఒక్కొక్కటే తిప్పి చూసి, రెండింటిని ఒకవైపు పెట్టింది, ఒకదాన్ని విడిగా పెట్టింది. ఆ విడిగా పెట్టినది నొప్పికి ఇచ్చే బలమైన మాత్రట. మత్తు తెస్తుందట. తల్లి మింగితే పాలలోకి దిగుతుంది. పెద్దవాళ్ళకి కాస్త మగతగా ఉంటుంది, ఇంత చిన్న బిడ్డకయితే ఊపిరి కూడా మందగించవచ్చు. పాప నిద్రపోవడం లేదు, మత్తులో ఉంది.

"మిగిలిన రెండూ?" అంది కోడలు.

అవి వాడచ్చని చెప్పింది. ఒకటి జ్వరానికి, ఇంకోటి చీముకి. చీము మందు ఇప్పుడు మధ్యలో మానకూడదట. పాలిచ్చే తల్లులకి ఇచ్చేదేనట. అసలు రొమ్ము గట్టిపడినప్పుడు పాలు ఆపితే గడ్డ ఇంకా పెరుగుతుంది, పాలు బయటికి పోతూ ఉండాలి అంది. అప్పుడు ఆమెకి మల్లెపూల వాసన తగిలింది. చీర పీలిక చూసి, ఇదేమిటని అడిగింది.

మా వదిన నా వెనక్కి జరిగింది. నేను చెప్పాను. చెప్పడంలో నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

డాక్టరమ్మ కోప్పడలేదు. మందుకి భయపడి పాలు మానేవాళ్ళూ వస్తారు, పాలకి భయపడి మందు మానేవాళ్ళూ వస్తారు, రెండూ వద్దు, ముందు అడగండి అంది. నర్సమ్మ వచ్చి పీలిక విప్పింది. వాడిపోయి, నలిగిన మల్లెపూలు నేల మీద రాలాయి. పాపని లోపల ఉంచి చూడాలన్నారు. ఆ మత్తు దిగి పాప బాగా మేలుకునేదాకా పాలు చేత్తో పిండి పారబోయాలి, తర్వాత మళ్ళీ రొమ్ము పట్టించవచ్చు. పాలు ఆగిపోకుండా ఉండాలంటే పిండుతూనే ఉండాలి అని నర్సమ్మ చూపించింది. నొప్పికి నా కోడలు పెదవి కొరుక్కుంది కానీ ఆపలేదు.

ఈలోపు నా కొడుకు వచ్చాడు. షాపులో ఏం చెప్పావని డాక్టరమ్మ అడిగితే, లేడీసుకి అని మాత్రమే అన్నానని నేల చూస్తూ చెప్పాడు. వరండాలోకి రాగానే మా వదిన నా మీద పడింది.

"ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది నీ కొడుక్కి? పాలిచ్చే తల్లి అనేదానికి సిగ్గా?"

"గడప దాటనీకుండా కట్టేసింది ఎవురు? మనిషి పోయుంటే షాపోడికే తెలిసేది. నా కొడుకు నోరు, నీ కూతురు రొమ్ము. ఎట్టా చెప్తాడు?"

"మల్లెపూలు నేను కట్టినా. మత్తు మందు నేను తెచ్చినానా?"

"నిద్రపోతా ఉందని మురిసింది ఎవురు?"

నా కొడుకు మధ్యలో నిలబడి నన్ను "అమ్మా" అనీ ఆమెని "అత్తా" అనీ చెరోవైపు చెయ్యి పట్టుకున్నాడు. నర్సమ్మ తలుపు తీసి, లోపల బిడ్డలు నిద్రపోతున్నారు, అరవాలంటే రోడ్డు మీదికి పోండి అంది. నిద్ర అనే మాట వినగానే ఇద్దరం నోరు మూసుకున్నాం.

తల్లితో ఒక్కరే ఉండచ్చన్నారు. ఎవరు ఉంటారని అడిగితే కోడలు ఆలోచించలేదు. "అమ్మ" అంది. ఆ చేతులే కదా మల్లెపూలు కట్టాయి, ఆ చేతి నీళ్ళతోనే కదా ఆ మాత్ర మింగింది. అయినా అమ్మే. నేను వరండాలో ఇంకా ఎవరెవరో నాయనమ్మల మధ్య గోడకానుకుని కూర్చున్నాను. కొడుకుని ఇంటికి పంపేశాను. నేను పోలేదు. పాప ఏడిస్తే ఆ గొంతు నాకు వినబడాలి.

తెల్లారి, కాఫీలు అమ్మేవాడు వచ్చే వేళకి వినబడింది. లోపల ఎంతమంది పిల్లలున్నారో, ఆ ఏడుపు మాదేనని ఎట్లా తెలిసిందో చెప్పలేను. సన్నగా మొదలై, కోపంగా పెరిగి, గుక్కపట్టింది. నేను లేచి నిలబడ్డాను. ఇంకా ఏడవాలి అనుకున్నాను, కడుపు నిండా వినాలనుకున్నాను. టక్కున ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఎవరు ఆపారో కూడా తెలుసు. నేను కాదు, మా వదిన కూడా కాదు. అది కొంచెం ఊరట.

కాసేపటికి మా వదిన బయటికి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది.

"తాగతా ఉండాది. డాక్టరమ్మ చూసింది, పరవాలేదంట. నువ్వు పో, నేను ఈడ కూచుంటా" అంది.

నేను పోయాను. కోడలు మంచం మీద పక్కకి తిరిగి కూర్చుని ఉంది. పాప కళ్ళు తెరుచుకుని, పిడికిలి బిగించి, ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు తాగుతోంది. నేను చెయ్యి చాపేలోపు కోడలు ఒక చీటీ నా చేతిలో పెట్టింది.

"అత్తా, నొప్పికి వేరే మాత్ర రాసింది డాక్టరమ్మ. కింద షాపులో తెస్తావా? పాలిచ్చే తల్లికి అని ముందే చెప్పు."

రాత్రంతా గచ్చు మీద కూర్చుని, లోపలికి అడుగు పెట్టి, బిడ్డని తాకకుండానే మళ్ళీ కిందికి! నేను మెట్లు దిగుతుంటే మా వదిన నా జాగాలోకి పోయి కూర్చోవడం వెనక్కి చూడకుండానే తెలిసింది.

షాపు ముందు జనమే. నేను కౌంటరు దాకా తోసుకుపోయి, వీధి చివరకి వినబడేలా చెప్పాను. "పాలిచ్చే తల్లికి! నెల నిండని పిల్ల! రొమ్ములో గడ్డ! పాలల్లోకి పోతే బిడ్డకి ఏమయినా అవుతుందా, చూసి ఇయ్యి!" పక్కనున్న కుర్రాడు ఫోనులోకి తల దించేశాడు. షాపతను చీటీ చదివి, మళ్ళీ చదివి, ఇది ఇవ్వచ్చమ్మా అన్నాడు. సరేనని తీసుకున్నాను.

పైకి పోయేసరికి తలుపు దగ్గర కాపలా మనిషి ఆపాడు. ఒకరు లోపల ఉన్నారు, మందు వాళ్ళ చేతికి ఇచ్చి పొమ్మన్నాడు. మా వదిన లోపలి నుంచే చెయ్యి చాపింది.

"ఇట్టా ఇయ్యి, నేను ఇస్తా."

"నువ్వు ఇస్తే చూసినాం గదా" అన్నాను. "అడిగి తెచ్చింది నేను. నేనే ఇస్తా. నువ్వు లే."

ఆమె కదలలేదు. నేనూ కదలలేదు. కాపలా మనిషి ఇద్దరినీ చూసి విసుక్కుంటున్నాడు. చివరికి కోడలే, పాపని రొమ్ము నుంచి తియ్యకుండానే, "అమ్మా, నువ్వు లేమ్మా కొంచెంసేపు" అంది.

మా వదిన లేచింది. నేను కూర్చున్నాను. ఆ కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.